అందరిదీ అనుకున్నది అందరి చేతిలో ఉండాలి: గుంటూరు, విజయవాడ కంప్యూటింగ్ జట్టుకు బహిరంగ లేఖ

జట్టు మిత్రులందరికీ నమస్కారం.

సైన్సు పరిశోధన లెక్కల కోసం మన జట్టు నడిపే ఐదు సీపీయూలున్న గుంటూరు బ్రాడీపేట గదిని ఈ నెలాఖరుకి ఖాళీ చేయాలని మీ అందరికీ తెలుసు. ట్యూషన్ సెంటర్ మాస్టారు ఇన్నాళ్లూ రూపాయి అద్దె తీసుకోకుండా ఆ వెనక గదిని మనకు వదిలేశారు. ఈ ఏడాది ఆయన దగ్గర పిల్లలు పెరిగారు, గది ఆయనకే కావాలి. గ్రూపులో ఒకరిద్దరు "ఇంత తొందరగా అంటే ఎలా" అని నొచ్చుకున్నట్టు రాశారు. దయచేసి అలా అనుకోవద్దు. ఆయన మనకు చేసినంత సాయం సొంతవాళ్లు కూడా చేయరు.

వచ్చే ఆదివారం ఈ విషయమే మాట్లాడుకోవడానికి కలుస్తున్నాం. గ్రూపులో చర్చంతా ఐదు సీపీయూలు ఎక్కడ పెడదాం అన్న చోటే తిరుగుతోంది. పటమటలో మేడ మీద గది ఉందని ఒకరు, తెనాలిలో పాత షాపు ఖాళీగా ఉందని ఇంకొకరు చెబుతున్నారు. గది దొరుకుతుంది, ఆ దిగులు నాకు లేదు. నాకు టెన్షన్ పెడుతున్నవి వేరే ఉన్నాయి. మన జట్టు ఖాతా ఎవరి ఈమెయిల్ మీద ఉంది? దాని పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు? కరెంటు బిల్లుకని వేసుకున్న డబ్బు ఎవరి ఫోన్‌లో ఉంది? ఐదు సీపీయూల్లో ఏది ఎవరిచ్చారు, తిరిగి అడిగితే ఇవ్వాలా, అక్కర్లేదా? ఏ కాలేజీ ల్యాబులో ఎవరి అనుమతితో మన పని నడుస్తోంది? వీటన్నిటికీ జవాబు చెప్పగలిగిన మనిషి ఈ రోజు జట్టులో ఒక్కరు కూడా లేరు. అందరిదీ అని మనం చెప్పుకునే ప్రతిదీ నిజానికి ఎవరో ఒకరి చేతిలో, వాళ్ల జ్ఞాపకంలో ఉంది. వాళ్లంతా మంచివాళ్లే. కానీ మనుషులు ఊళ్లు మారతారు, ఫోన్లు మారుస్తారు, జబ్బు పడతారు. వాళ్లతో పాటు జట్టు ఆస్తి కూడా వెళ్లిపోకుండా చూసుకోవడం మన పని.

ఈ మాటలు గ్రూపులోనే చెప్పవచ్చు. కానీ మనకు కంప్యూటర్లు ఇచ్చినవాళ్లు, ల్యాబుల్లో చోటిచ్చినవాళ్లు ఆ గ్రూపులో లేరు. ఇలాంటి జట్టు తామూ పెట్టాలనుకునే పిల్లలు ఒంగోలులోనో ఏలూరులోనో ఉండవచ్చు. వాళ్లూ చదవాలనే బహిరంగంగా రాస్తున్నాను.

వాళ్ల కోసం మనం చేసే పని కాస్త చెబుతాను. పరిశోధన సంస్థల దగ్గర ఒక పెద్ద లెక్క ఉంటుంది. దాన్ని లక్షల చిన్న ముక్కలు చేసి, ఇష్టపడి ముందుకొచ్చినవాళ్ల కంప్యూటర్లకు పంపిస్తారు. మన కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ ముక్క చేసి ఫలితం వెనక్కి పంపుతుంది. 1999 మేలో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి వేరే లోకాల జీవుల సంకేతాల కోసం వెతికే సెటీ ఎట్ హోమ్ ప్రాజెక్టు మొదలైనప్పుడు ఈ పద్ధతి ప్రపంచమంతా తెలిసింది. ఆ పని నడిపిన డేవిడ్ ఆండర్సన్ గారే తర్వాత ఇలాంటి ఎన్నో ప్రాజెక్టుల ముక్కలను మన కంప్యూటర్లలో నడిపే బాయింక్ అనే సాఫ్ట్‌వేర్ తయారు చేయించారు. మనం వాడేది అదే. దీనితో ఏం ఒరుగుతుందని అడిగేవారికి నేనెప్పుడూ రెండు సంగతులు చెబుతాను. 2010లో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అనే ఇలాంటి ప్రాజెక్టు ఒక కొత్త పల్సార్‌ను, అంటే వేగంగా తిరుగుతూ రేడియో సంకేతాలు పంపే నక్షత్రాన్ని కనిపెట్టింది. దాన్ని పట్టుకున్నవి అమెరికాలో ఒక దంపతుల ఇంటి కంప్యూటర్, జర్మనీలో ఇంకొకరి కంప్యూటర్. రెండోది మన కళ్ల ముందు జరిగింది. 2020 మార్చిలో కరోనా వైరస్ ప్రోటీన్ల మీద పని మొదలుపెట్టాక ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే మరో ప్రాజెక్టుకు జనం వెల్లువలా వచ్చారు. అన్ని ఇళ్ల కంప్యూటర్ల శక్తీ కలిపి ఒక ఎక్సాఫ్లాప్ దాటింది. అంటే సెకనుకి ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలన్ని లెక్కలు. అప్పటికి ప్రపంచంలో ఏ ఒక్క సూపర్ కంప్యూటరూ ఆ వేగం అందుకోలేదు. మనలో చాలామంది ఈ పనిలోకి వచ్చింది ఆ లాక్‌డౌన్ రోజుల్లోనే.

ఇక అసలు విషయానికి వస్తాను.

మొదట ఖాతా సంగతి. జట్టు పెట్టిన తమ్ముడు ఉద్యోగం మీద పుణె వెళ్లాడు. పాపం అక్కడ షిఫ్టులు, కొత్త ఊరు. పిలిస్తే పలుకుతాడు, కానీ ప్రతిదానికీ అతన్నే లేపాలంటే అతనికీ కష్టం, మనకూ కష్టం. బాయింక్‌లో జట్టు ఒక్కో ప్రాజెక్టులో విడివిడిగా నమోదవుతుంది. అన్నిట్లోనూ ఫౌండర్‌గా ఉన్నది అతనొక్కడే. ఫౌండర్ తలుచుకుంటే మరికొందరిని జట్టు అడ్మిన్లుగా పెట్టవచ్చు, ఫౌండర్ హోదానే ఇంకొకరికి బదిలీ చేయవచ్చు. అతనికి ఏ కారణంతోనైనా వీలు కాకపోతే సభ్యుల్లో ఒకరు ఆ హోదా కోరుతూ అర్జీ పెట్టాలి, ఫౌండర్ స్పందన కోసం 60 రోజులు ఆగాలి. అంతదాకా రానివ్వడం దేనికి? అతను లైన్‌లో ఉండగానే, ఆదివారం అందరి ముందూ, గుంటూరు నుంచి ఒకరిని, విజయవాడ నుంచి ఒకరిని అడ్మిన్లుగా పెట్టించుకుందాం. ఫౌండర్‌గా అతనే ఉండాలని నా కోరిక. జట్టు పెట్టిన గౌరవం అతనిది.

గదిలోని ఐదు సీపీయూలూ ఒక ఉమ్మడి ఖాతా మీద నడుస్తున్నాయి. దాని పాస్‌వర్డ్‌ను ఎవరో సాయం అడిగితే ఒకసారి గ్రూపులో పెట్టేశారు. అప్పటి నుంచి వచ్చి పోయిన ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ అది ఉంది. తెలిసినవాళ్లు ఎవరైనా ఈమెయిల్ మార్చేస్తే ఖాతా మనది కాకుండా పోతుంది. కొత్త కంప్యూటర్‌ను జత చేయడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదన్న విషయం మనలో చాలామందికి తెలియదు. వీక్ అకౌంట్ కీ అని ఒకటుంటుంది. దానితో కంప్యూటర్ ఆ ఖాతా కింద పని చేస్తుంది, కానీ ఖాతాలోకి వెళ్లి ఏమీ మార్చలేదు. పాస్‌వర్డ్ మారిస్తే ఆ కీ కూడా మారిపోతుంది కాబట్టి ముందు పాస్‌వర్డ్ మార్చి, తర్వాత వచ్చిన కొత్త కీనే అందరికీ ఇద్దాం. జట్టు కోసం విడిగా ఒక ఈమెయిల్ తెరిచి, రికవరీకి ఇద్దరి నంబర్లు పెడదాం. పాస్‌వర్డ్ రెండు కాగితాల మీద రాసి, కవర్లలో అంటించి, ఒకటి గుంటూరులో, ఒకటి విజయవాడలో ఉంచుదాం. ఇది అనుమానంతో చెబుతున్న మాట కాదు. తాళం ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి కదా.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలుచుకున్నది అనుమతి గురించి.

మన చుట్టుపక్కల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కిందటేడు జరిగింది మీకు గుర్తుంది. పేరు అనవసరం. రెండో సంవత్సరం కుర్రాడు ఒకడు, జట్టు మీద ప్రేమతోనే, ల్యాబులోని మెషీన్లన్నిటిలో బాయింక్ వేశాడు. సెట్టింగులు మార్చకుండా వదిలేశాడు. మర్నాడు ఆన్‌లైన్ పరీక్ష. మెషీన్లు నెమ్మదించాయని గొడవ మొదలైంది, ల్యాబ్ ఇన్‌చార్జి మేడం అందరి ముందూ మాటలు పడ్డారు, చివరికి అన్నీ ఫార్మాట్ చేశారు. మన పని వల్లే నెమ్మదించాయో లేదో తేలలేదు, తేల్చే అవకాశం కూడా మనకు లేదు. అనుమతి లేకుండా పెట్టినవాళ్ల మాట ఎవరు వింటారు? ఆ కుర్రాడు మంచి తెలివైనవాడు, తర్వాత గ్రూపులోంచి వెళ్లిపోయాడు. తిరిగి రమ్మని నేను ఇక్కడ నుంచే పిలుస్తున్నాను.

ఇలాంటిది మనకొక్కరికే జరగలేదు. 1999లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక టెక్నికల్ కాలేజీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, కాలేజీ కంప్యూటర్లలో మనలాగే లెక్కలు పంచుకుని చేసే డిస్ట్రిబ్యూటెడ్ డాట్ నెట్ ప్రోగ్రామ్ పెట్టాడు. అతను దొంగతనం ఏమీ చేయలేదు, సొంత లాభమని చెప్పుకోదగ్గదీ లేదు. అయినా క్రిమినల్ కేసు పెట్టారు. జైలు పడుతుందన్న భయం మధ్య చాలా కాలం గడిచాక, 2002లో నష్టపరిహారం, ఏడాది ప్రొబేషన్, 80 గంటల సమాజ సేవతో రాజీ కుదిరింది. మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం, 2000 ఉంది. అందులో 43వ సెక్షన్ యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా కంప్యూటర్‌ను వాడటం గురించే. మంచి ఉద్దేశంతో చేశామన్న మాట అక్కడ ఎంతవరకు నిలబడుతుందో పరీక్షించుకునే పని మన పిల్లలకు పెట్టకూడదు.

అందుకే నా ప్రతిపాదన ఇది. కాలేజీ అయితే ప్రిన్సిపాల్ సంతకంతో కాగితం ఉండాలి. ల్యాబ్ ఇన్‌చార్జి తల ఊపితే సరిపోదు, రేపు మాట పడేది వారే. ఎన్ని మెషీన్లు, ఏ వేళల్లో, ఏ ప్రాజెక్టు, ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఎప్పటివరకు అన్నవి ఆ కాగితంలో ఉండాలి. విద్యాసంవత్సరం ముగియగానే అనుమతి కూడా ముగిసినట్టే లెక్క, జూన్‌లో మళ్లీ వెళ్లి అడగాలి. ఒక ప్రిన్సిపాల్ మారి ఇంకొకరు వస్తే, గడువు ఉన్నా సరే, కొత్తవారిని కలిసి చెప్పాలి. వద్దంటే అదే రోజు తీసేయాలి, బతిమాలకూడదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కంపెనీ ల్యాప్‌టాప్‌లో వేయకండి. అది మీది కాదు. బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, సచివాలయాల్లో పనిచేసేవాళ్లు ఆ ఆలోచనే చేయవద్దు. నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా బడి కంప్యూటర్లు పిల్లల కోసం వచ్చినవి, వాటిలో ఇది పెట్టమని నేను ఎవరినీ అడగలేదు, అడగను. ఇంకో మాట, విద్యార్థులకు. ల్యాప్‌టాప్ మీదే కావచ్చు, కరెంటు బిల్లు కట్టేది నాన్నగారు. ఇంట్లో కూర్చోబెట్టి, ఇది ఏం చేస్తుందో, నెలకు ఎంతవుతుందో చెప్పి, సరే అన్నాకే మొదలుపెట్టండి. పటమట నుంచి వచ్చే డిప్లొమా కుర్రాడు ఇలాగే చేశాడు. ఇప్పుడు వాళ్ల నాన్నగారే ఈ వారం ఎన్ని పనులు పూర్తయ్యాయని అడుగుతున్నారట.

కరెంటు ఖర్చు గురించి కూడా మనం బయట సరిగ్గా చెప్పడం లేదు. ఖాళీగా ఉన్న కంప్యూటర్ శక్తే కదా, ఖర్చేమీ ఉండదని కొందరు కొత్తవాళ్లతో అంటున్నారు. అది నిజం కాదు. మామూలు డెస్క్‌టాప్ మానిటర్ లేకుండా, సీపీయూ పూర్తిగా పనిచేస్తుంటే, 100 వాట్ల దాకా లాగుతుంది. రోజంతా నడిపితే 2.4 యూనిట్లు, నెలకు 72. మన శ్లాబుల్లో ఈ 72 యూనిట్లు అడుగున పడవు, పైన పడతాయి. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇల్లు అనుకోండి. 225 వరకు యూనిట్ 6 రూపాయలు, ఆ పైన 8 రూపాయల 75 పైసలు. కాబట్టి 25 యూనిట్లకు 150, మిగతా 47 యూనిట్లకు 411, కలిపి 560 రూపాయల పైన. ఇంధన సర్దుబాటు చార్జీలు దాని మీద. ఒక మధ్యతరగతి ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. ఇచ్చేవాళ్లు ఇంత అని తెలిసి ఇవ్వాలి.

ఇంకో పక్క చూడండి. అరండల్‌పేటలో మన సభ్యుడి జిరాక్స్ షాపులో కంప్యూటర్ ఎలాగూ పగలంతా ఆన్‌లోనే ఉంటుంది. దాని మీద మన పని ప్రాసెసర్‌లోని సగం కోర్లతో, అంటే దాని సగం శక్తితో నడిపితే అదనంగా పడేది 50 వాట్ల లోపే. రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 26 రోజులంటే పది యూనిట్లు. అందుకే నేను కోరేది, ఎలాగూ ఆన్‌లో ఉండే కంప్యూటర్లనే ముందు వాడుకుందామని. మన కోసమే రాత్రింబవళ్లు నడిపే మెషీన్లు ఎంత తక్కువైతే అంత మంచిది. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం మండించే బొగ్గు, అక్కడి ఊళ్ల మీద పడే బూడిద కూడా మన లెక్కలో భాగమే. సైన్సుకి సాయం చేస్తున్నామంటూ దాన్ని మరిచిపోలేం.

ఈ లెక్కన గదిలోని ఐదింటిలో పాత కోర్ టూ డ్యుయో ప్రాసెసర్లున్న రెండు మెషీన్లను ఆపేయాలి. అవి ఇప్పటి మెషీన్లు కొద్ది గంటల్లో చేసే పనికి రోజులు తీసుకుంటాయి, కరెంటు మాత్రం తక్కువేమీ తినవు. ఇచ్చినవారు ప్రేమగా ఇచ్చారు, కాదనను. వాటిని వారి అనుమతితో ఏదైనా బడికి టైపింగ్ నేర్చుకోవడానికి ఇద్దాం. లేదా స్పేర్ పార్టులకు ఉంచుదాం.

ఎండల గురించి మళ్లీ వాదన వద్దు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్‌లో వానలు పడేదాకా గదిలోని మెషీన్లు ఆపేయాలి. రోహిణి కార్తెలో విజయవాడలో మనుషులే నిలవలేరు. ఐదు సీపీయూలు కలిసి 500 వాట్ల వేడిని చిన్న గదిలోకి వదులుతుంటే, దాన్ని చల్లబరచడానికి ఏసీ వేస్తే, మన ఖర్చు ఎక్కడికి పోతుంది? పైగా మితిమీరి వేడెక్కిన మెషీన్ తప్పు జవాబులిచ్చే ప్రమాదం ఉంది. చాలా ప్రాజెక్టుల్లో ఒకే ముక్కను ఇద్దరికి పంపుతారు, పరీక్ష పేపరు ఇద్దరు దిద్దినట్టు. జవాబులు కలవకపోతే మూడోవారికి పంపుతారు. మన మెషీన్ తప్పితే అవతల ఏ దేశంలోనో ఉన్న మూడో మనిషి కరెంటు కూడా ఖర్చవుతుంది. బాయింక్‌లో వారం, గంటల వారీగా వేళలు పెట్టుకోవచ్చు గానీ నెలల వారీగా ఆపే ఏర్పాటు లేదు. మనిషే గుర్తుపెట్టుకుని ఆపాలి. ఆ బాధ్యత ఎవరిదో ఆదివారం పేరు రాసుకుందాం. సాయంత్రం ఆరు నుంచి పది వరకు ఊరంతా వాడకం పెరిగే వేళ. ఏడాది పొడవునా ఆ నాలుగు గంటలు ఆపే ఏర్పాటు మాత్రం సెట్టింగుల్లోనే చేసేయవచ్చు.

ఆపితే జట్టు ర్యాంకు పడిపోతుందని బెంగపడే తమ్ముళ్లకు ఒక మాట. పడిపోనివ్వండి. గడువు లోపల ఫలితం రాకపోతే సర్వర్ ఆ ముక్కను ఇంకొకరికి పంపిస్తుంది, సైన్స్ ఎక్కడా ఆగదు. కాకపోతే ఆపబోయే వారం ముందే కొత్త పనులు తీసుకోవడం నిలిపివేయాలి. చేయలేని పనులు దగ్గర పెట్టుకుని గడువు దాటించడం అన్యాయం. మామూలు రోజుల్లో కూడా పది రోజుల పనిని ముందే దింపుకునే అలవాటు మానుకోవాలి. మన ఊళ్లలో నెట్ బాగానే ఉంటోంది, ఒక రోజు నిల్వ చాలు. కరెంటు పోతే చేసిందంతా పోతుందన్న భయం అక్కర్లేదు. ఎంతవరకు చేసిందో మధ్య మధ్య చెక్‌పాయింట్ రాసుకుంటుంది, అక్కడి నుంచి మళ్లీ అందుకుంటుంది. ఫోన్లలో నడిపేవాళ్లు ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు, బ్యాటరీ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే పని చేయాలన్న సెట్టింగును మార్చవద్దు.

గది ఎక్కడన్న దానికి నా ఓటు పటమట మేడ గదికే. కారణం ఒకటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మన సభ్యురాలి ఇంట్లో కింద గదిలో పెట్టిన జట్టు సీపీయూ, యూపీఎస్ నీళ్లలో మునిగిపోయాయి. ఆ ఇంట్లో బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు పోయాయి, ఆ స్థితిలో కూడా ఆవిడ "జట్టు వస్తువు పోగొట్టాను" అని బాధపడ్డారు. ఆ సీపీయూ ఎవరిచ్చారో ఆ రోజు ఎంత వెతికినా తెలియలేదు. ఇచ్చినవారికి పోయిందని చెప్పే మర్యాద కూడా మనం పాటించలేకపోయాం.

దీనికి మందు ఒక రిజిస్టర్. చేత్తో రాసే లాంగ్ నోట్‌బుక్ అయినా చాలు. మనది గ్రంథాలయ ఉద్యమం నడిచిన నేల. 1914లో బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకట రమణయ్య గారు దాని కోసం జీవితమంతా తిరిగారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి పడవలో పుస్తకాలు పెట్టించి కాలువ వెంట ఊరూరికీ పంపారు. ప్రభుత్వం కట్టిస్తుందని చూడకుండా, ఉన్నవాళ్లు పుస్తకం, లేనివాళ్లు శ్రమ ఇచ్చి నిలబెట్టిన సంస్థలవి. ఏ చిన్న గ్రంథాలయానికి వెళ్లినా పుస్తకానికో నంబరు, ఎవరిచ్చారో, ఎప్పుడొచ్చిందో రాసిన రిజిస్టర్ ఉంటుంది. పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఇంకో రిజిస్టర్‌లో ఉంటుంది. మనకు కావలసింది సరిగ్గా ఇదే. ప్రతి సీపీయూకి, యూపీఎస్‌కి, ర్యామ్ ముక్కకి, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌కి, బ్లోయర్‌కి ఒక నంబరు అంటిద్దాం. ఎవరిచ్చారు, పూర్తిగా ఇచ్చారా, వాడుకోమని ఇచ్చారా, ఇప్పుడు ఎక్కడుంది అన్నవి రాద్దాం. అనుమతి కాగితాలు కూడా అందులోనే అంటిద్దాం. పేజీలన్నీ నెలకోసారి ఫొటో తీసి ఇద్దరు దాచుకోవాలి.

డబ్బు సంగతి తొందరగా ముగిస్తాను. విజయవాడ అక్కయ్య తన ఫోన్‌పేలోకి వచ్చిన ప్రతి రూపాయికీ లెక్క రాసి ఉంచారు, నేను చూశాను, పైసా తేడా లేదు. అయినా ఆ భారం ఆవిడ ఒక్కరి మీద ఉండకూడదు. ఇద్దరి సంతకాలతో జాయింట్ అకౌంట్ తెరుద్దాం, జమా ఖర్చు నెలకోసారి గ్రూపులో పెడదాం. సొసైటీగా రిజిస్టర్ చేయించుకుందామని తెనాలి మాస్టారు అంటున్నారు. ఏడుగురు ఉంటే చేయించుకోవచ్చు, కానీ ఏటా దాని పనులు దానికుంటాయి. ఒక ఏడాది ఈ రిజిస్టర్ సరిగ్గా నడిపి చూపించాక ఆ ఆలోచన చేద్దాం. బిల్లు ఖర్చులు రాబట్టడానికి బాయింక్ పని చేసినందుకు ఇచ్చే గ్రిడ్‌కాయిన్ లాంటి క్రిప్టో నాణేల్లో చేరుదామన్న ప్రతిపాదనను మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఒక ప్రిన్సిపాల్ గారు సైన్సు కోసమని సంతకం పెట్టిన మెషీన్ మీద మనకు నాణేలు వస్తే, ఆ సంతకానికి మనం ద్రోహం చేసినట్టే.

ఏ ప్రాజెక్టుకి పని చేయాలన్న గొడవ కూడా ఉంది. చేసిన పనికి మార్కుల్లా వచ్చే క్రెడిట్లు ఎక్కువ ఇచ్చేదానికే అందరం మళ్లాలని కొందరి పట్టు. ఒక ప్రాజెక్టు ఇచ్చే క్రెడిట్లను ఇంకోదానితో పోల్చి లాభం లేదు, ఎవరి కొలత వారిది. ఎవరి మెషీన్ మీద వారి ఇష్టం వారిది. ఉమ్మడి మెషీన్లు మాత్రం ఎప్పుడూ రెండు మూడు ప్రాజెక్టులకు జత చేసి ఉండాలి. ఇరవై ఏళ్లు నడిచిన సెటీ ఎట్ హోమ్ 2020 మార్చి 31న కొత్త పనులు పంపడం ఆపేసింది. ఐబీఎం మొదలుపెట్టిన వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ అనే ప్రాజెక్టు టొరంటోలోని క్రెంబిల్ పరిశోధన సంస్థకు చేతులు మారేటప్పుడు 2022లో నెలల తరబడి పనులు రాలేదు. అంతటి సంస్థకే అప్పగింత అంత కష్టమైంది. ఒక్కదాన్నే నమ్ముకున్న జట్లు అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. నా వరకు ఆరోగ్యం మీద పనిచేసే ప్రాజెక్టు ఒకటి, ఆకాశం మీద పనిచేసేది ఒకటి ఉంటే చాలు.

మిగిలింది తెలుగు సూచనలు. బాయింక్ ఎలా వేయాలి, ఏ సెట్టింగు ఎందుకు, ప్రాసెసర్ వేడిని బయటకు లాగే థర్మల్ పేస్ట్ ఎప్పుడు మార్చాలి అన్నవన్నీ తెనాలి మాస్టారు ఎంతో ఓపికగా వాయిస్ మెసేజుల్లో చెప్పారు. గుడ్ మార్నింగ్ ఫొటోల మధ్య అవి ఎక్కడున్నాయో ఇప్పుడు ఎవరికీ దొరకడం లేదు. ఇంగ్లిష్ సూచనలు చదివి భయపడి వెనక్కి పోయే పిల్లలను నేను రోజూ క్లాసులో చూస్తుంటాను. వాళ్లకు ఇవి ఎంత విలువైనవో నాకు తెలుసు. విని రాసిపెట్టే పని నేను తీసుకుంటాను. ఇంకో ఇద్దరు చేయి కలిపితే వేసవి సెలవుల్లో పూర్తవుతుంది. అది ఎవరైనా ప్రింటు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు. దాని మీద జట్టుకి కూడా హక్కు ఉండకూడదు.

ఆదివారం ఉదయం పదిన్నరకి బ్రాడీపేట గది దగ్గరే కలుద్దాం. జట్టుకి ఏ వస్తువు ఇచ్చినవారైనా, పాత స్క్రూడ్రైవర్ అయినా సరే, వచ్చి రిజిస్టర్‌లో పేరు రాయించండి. రాలేనివారు ఏమిచ్చారో, ఎలా ఇచ్చారో రెండు వాక్యాలు రాసి తెనాలి మాస్టారికి పంపించండి. కాలేజీల్లో నడుపుతున్నవారు అనుమతి కాగితం తీసుకురండి. కాగితం లేకపోతే శనివారం లోపు అక్కడ బాయింక్ తీసేసి రండి, సోమవారం ఇద్దరం కలిసి వెళ్లి ప్రిన్సిపాల్ గారిని అడుగుదాం. పుణె తమ్ముడు పదకొండు గంటలకు వీడియోలో వస్తానన్నాడు. అడ్మిన్ల పని అప్పుడే పూర్తి చేద్దాం. విజయవాడ నుంచి వచ్చేవాళ్లు ఉదయం రైలెక్కితే మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. ఎంతమంది వస్తున్నారో శుక్రవారం సాయంత్రానికి చెప్పండి.

ఇట్లు,
జట్టు సభ్యురాలు, లెక్కల టీచర్
గుంటూరు